సైట్ తిరిగొచ్చింది, ఆర్డర్లు రాలేదు. అక్టోబర్ లోపు ఏం చేసుకోవాలి?

బరంపురం_కోడలు (బరంపురం, గంజాం జిల్లా)

అందరికీ నమస్కారం. మాది పట్టు నేసే ఇల్లు. మావయ్యగారు మగ్గం మీద కూర్చుంటారు, అత్తయ్యగారు అప్పడాలు, ఆవకాయ చూసుకుంటారు, ఆన్‌లైన్ గొడవంతా నాది. వర్డ్‌ప్రెస్ (సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) మీద వూకామర్స్ (దానికి తగిలించే అమ్మకాల భాగం) షాపు, షేర్డ్ హోస్టింగు (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునేది). కొనేవాళ్ళలో సగంమంది శ్రీకాకుళం, విశాఖ, హైదరాబాద్ వాళ్ళు, మిగతావాళ్ళు ఇక్కడి ఒడియావాళ్ళు.

ఈ నెల మొదట్లో హోస్టింగ్ కంపెనీవాళ్ళ సర్వర్‌లో డిస్కు పోయింది. ఒకటి రెండు రోజులు సైట్ తెరుచుకోలేదు. తర్వాత వాళ్ళే తమ బ్యాకప్ నుంచి లేపారు. చూస్తే షాపు ఉంది, చీరలున్నాయి, రేట్లున్నాయి. కానీ అది వారం పైచిలుకు పాత షాపు. మధ్యలో వచ్చిన ఆర్డర్లన్నీ మాయం. సపోర్టులో అడిగితే "బ్యాకప్ మా బాధ్యత కాదండీ, షరతుల్లో రాసే ఉంది" అని లింకు పంపారు. వెళ్ళి చదివాను. నిజంగానే రాసి ఉంది.

డబ్బు మాత్రం వచ్చి పడింది. అదే అసలు టెన్షన్. ఎవరో కట్టారు. వాళ్ళు ఏం కొన్నారో, పార్సిల్ ఎక్కడికి వెళ్ళాలో సైట్‌కి తెలీదు. ఫోన్ చేసి గట్టిగా అడిగినవాళ్ళకి ఏదో సర్దాం. నోరులేనివాళ్ళ సంగతేంటి?

ఇంకొకటి, చీరల ఫోటోలు. మా దగ్గర ఏ చీరా రెండు ఉండవు. అమ్ముడైపోయాక మిగిలేది ఫోటోనే. "పోయినేడు మా అక్కకి పంపిన ఆకుపచ్చ చీర, మెరూన్ టెంపుల్ బోర్డర్‌ది, అలాంటిదే కావాలి" అని అడుగుతారు. అప్పుడు మావయ్యగారు ఆ ఫోటోని ఫోన్లో వేళ్ళతో పెద్దది చేసుకుని, కళ్ళజోడు నుదుటి మీదకి ఎత్తి, అంచులో మెట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టి కాగితం మీద గీసుకుంటారు. ఫోటో పోతే ఆ డిజైను పోయినట్టే. ఈసారి ఎక్కించినవి నా ఫోన్లో ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

ఇక అక్టోబర్. ఈ వైపు ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. 2013లో ఫైలిన్ తుఫాను అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014లో హుద్‌హుద్ అదే తేదీకి విశాఖ మీద పడింది. 2018లో తిత్లీ 11న పలాస దగ్గర. దసరా, దీపావళి బేరాలు కూడా సరిగ్గా అప్పుడే. ఏడాది మొత్తంలో మాకు నాలుగు డబ్బులు కనిపించేది ఆ నెలన్నరలోనే.

మా మరిది "వీపీఎస్ తీసుకో వదినా" అంటాడు, అంటే మనమే చూసుకోవాల్సిన విడి సర్వర్. సైట్ చేసిచ్చిన విశాఖ అబ్బాయి ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు అంటున్నాడు. నేను చూసిన వీడియోల్లో చెప్పేవాళ్ళందరికీ ఒక టీమ్ ఉంటుంది. ఇక్కడ టీమ్ అంటే నేను, సాయంత్రం పూట మరిది. దేనికి ఖర్చు పెట్టాలో, దేనికి అక్కర్లేదో తెలిసినవాళ్ళు చెప్పండి.

క్లౌడ్_కుర్రాడు (హైదరాబాద్)

ఇంకా షేర్డ్ హోస్టింగేనా అక్కా? ఏడబ్ల్యూఎస్‌కి, అదే అమెజాన్ క్లౌడ్‌కి మార్చెయ్యండి. ముంబైలో ఉంది, 2022 నుంచి మన హైదరాబాద్‌లోనూ ఉంది. అక్కడ పెడితే ఇక పోవడమనే మాటే ఉండదు.

రాయగడ_సిస్టమ్స్ (రాయగడ)

తమ్ముడూ, పోవడమనే మాట అన్నిచోట్లా ఉంటుంది. 2025 అక్టోబర్ 20న అమెరికాలో వాళ్ళ వర్జీనియా డేటా సెంటర్లలో తేడా వచ్చి ఎన్నో పెద్ద యాప్‌లు గంటల తరబడి ఆగిపోయాయి. మన షాపు అక్కడుంటే మనమూ ఆగేవాళ్ళం. ఇంకా చూడు, అక్కడ డేటాబేసుని (ఆర్డర్లూ స్టాకూ అన్నీ ఉండే చోటుని) ఎవరైనా డిలీట్ చేస్తే, ఉంచమని విడిగా చెప్పకపోతే దాని ఆటోమేటిక్ బ్యాకప్‌లు కూడా దాంతోపాటే పోతాయి. క్లౌడ్ వద్దని కాదు. ఈ అమ్మాయి అడిగినదానికి అది జవాబు కాదు.

అమ్మా, నేను రాయగడలో ఆస్పత్రులకీ విత్తనాల కొట్లకీ కంప్యూటర్లు చూసే మనిషిని. ముందు పోయిన ఆర్డర్ల సంగతి తేలుద్దాం. బ్యాకప్ మాట తర్వాత.

సైట్‌లో కొత్త ఆర్డర్లు తీసుకోవడం ఈ పూటకి ఆపెయ్యండి. డేటాబేసు వెనక్కి వెళ్ళినప్పుడు ఆర్డర్ నంబర్లు కూడా వెనక్కి వెళ్తాయి. 4210 నంబరు ఆర్డర్ ఒకరిది పోయిందనుకోండి. ఇవాళ ఇంకొకరు కొంటే సైట్ వాళ్ళకీ అదే 4210 ఇవ్వొచ్చు. అప్పుడు పేమెంట్ గేట్‌వేలో (ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే సేవలో) ఇద్దరు 4210లు. ఫోన్ చేసి నంబరు చెప్తే ఎవరి చీర అని వెతుకుతారు? బిల్లు నంబరు కూడా ఆర్డర్ నంబరు నుంచే వస్తుంటే జీఎస్టీ చిక్కొకటి. ఒకే ఆర్థిక సంవత్సరంలో ఒక నంబరు మీద రెండు బిల్లులు ఉండకూడదు. అందుకని డేటాబేసులో ఆటో ఇంక్రిమెంట్ అంకెని, అంటే తర్వాతి ఆర్డర్‌కి ఇచ్చే నంబరుని, కొన్ని వేలు ముందుకి జరపమని మీ విశాఖ అబ్బాయికి చెప్పండి. తెలిసినవాడికి పెద్ద పని కాదు. డిస్కు పోయాక ఇప్పటికే వచ్చిన ఆర్డర్లుంటే వాటిని వేరే కాగితం మీద పెట్టుకోండి.

తర్వాత స్టాకు. ఆ వారంలో అమ్ముడైన చీరలన్నీ ఇప్పుడు సైట్‌లో మళ్ళీ "అందుబాటులో ఉంది" అని కనిపిస్తుంటాయి. అప్పడాలైతే ఇంకో కట్ట చేసి పంపొచ్చు. ఒక్కటే ఉన్న చీరని ఇద్దరికి అమ్మితే ఎలా? బీరువా తెరిచి, చేతికి దొరకని ప్రతి చీరనీ సైట్‌లో అవుట్ ఆఫ్ స్టాక్ పెట్టండి.

ఇప్పుడు పోయినవి ఎక్కడ దొరుకుతాయంటే, మీ జీమెయిల్‌లోనే. మీరు ఆపకపోతే కొత్త ఆర్డర్ వచ్చిన ప్రతిసారీ వూకామర్స్ షాపువాళ్ళకి ఒక మెయిల్ కొడుతుంది. పేరు, అడ్రసు, ఏం కొన్నారు, ఎంత, అన్నీ అందులో ఉంటాయి. క్యాష్ ఆన్ డెలివరీ వాళ్ళవి కూడా. స్పామ్‌లో కూడా వెతకండి. గేట్‌వే డాష్‌బోర్డు నుంచి ఆ రోజుల పేమెంట్ల జాబితా దింపి, ఆ మెయిళ్ళతో ఒక్కొక్కటీ సరిపోల్చండి. డబ్బుండి మెయిల్ లేనివాళ్ళు కొందరు తేలతారు. వాళ్ళ ఫోన్ నంబరో మెయిలో గేట్‌వేలో ఉంటుంది. వాళ్ళు అడిగేదాకా ఆగకుండా మీరే ముందు ఫోన్ చెయ్యండి.

ఒక జాగ్రత్త. ఆ జీమెయిల్‌కి ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోతే కొత్త మెయిళ్ళు రావు, వెనక్కి వెళ్ళిపోతాయి. 2024 నుంచి ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ 15 జీబీలోనే లెక్క. పండగ ఫార్వర్డు వీడియోలు నిండి మీ ఆర్డర్ మెయిల్ ఆగిపోయిందంటే నవ్వాలో ఏడవాలో తెలీదు. షాపు మెయిల్‌కి వేరే అకౌంటు పెట్టండి. వూకామర్స్ సెట్టింగుల్లో కొత్త ఆర్డర్ మెయిల్ వెళ్ళే చోట కామా పెట్టి రెండో అడ్రసు కూడా ఇవ్వచ్చు, మీ మరిదిది ఇవ్వండి. రాత్రి బ్యాకప్‌కీ మర్నాడు రాత్రి బ్యాకప్‌కీ మధ్య జరిగిన వ్యాపారానికి ఆ మెయిళ్ళే మీ చిట్టా. పైసా ఖర్చు లేదు.

ఇక బ్యాకప్. నేను చూసే లెక్క ఒకటే: మొదటి కాపీని పోగొట్టిన కారణం రెండో కాపీ దాకా వెళ్ళగలదా? వెళ్ళగలిగితే అది రెండో కాపీ కాదు. ఇంటి తాళంచెవీ బీరువా తాళంచెవీ ఒకే గుత్తికి వేలాడుతుంటే రెండు తాళాలున్నాయని ఎవరూ అనరు కదా.

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి నిలువునా కాలిపోయింది. సైటూ బ్యాకప్పూ ఆ ఆవరణలోనే పెట్టుకున్నవాళ్ళకి రెండూ బూడిదే. నిప్పే అక్కర్లేదు, అకౌంటు చాలు. 2024 మేలో ఆస్ట్రేలియాలో యూనీసూపర్ అనే పెన్షన్ ఫండ్‌కి గూగుల్ క్లౌడ్‌లో ఉన్న వ్యవస్థ సెట్టింగు పొరపాటుతో డిలీట్ అయింది. రెండు చోట్ల కాపీలున్నాయి, కానీ అకౌంటు ఒకటే గనుక రెండూ పోయాయి. వాళ్ళు తేరుకోవడానికి విడిగా దాచుకున్న బ్యాకప్‌లు, వేరే కంపెనీ దగ్గర పెట్టుకున్నవి కూడా, ఆదుకున్నాయి. అలా పెట్టుకోని కథ కొరియాది. 2025 సెప్టెంబర్ 26న డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు అంటుకుని, ఉద్యోగులు ఫైళ్ళు దాచుకునే జీ-డ్రైవ్ 858 టెరాబైట్లు పోయింది. బయట కాపీ లేదు. ప్రభుత్వం దగ్గరే లేకపోతే మనమెంత అనుకోకండి. మన డేటా చిన్నది, అదే మన అదృష్టం.

మీకు సరిపోయేది చెప్తాను. హోస్టింగ్ వాళ్ళ బ్యాకప్‌ని సున్నా కింద లెక్కపెట్టండి. ఉంటే సంతోషం. అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ లాంటి ప్లగిన్ (సైట్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాము) పెట్టి డేటాబేసుని రోజూ రాత్రి వేరే కంపెనీ స్టోరేజీకి పంపండి. మీ సైజు షాపుకి డేటాబేసు చిన్న ఫైలే. పండగ రోజుల్లో కొన్ని గంటలకోసారి పంపినా భారం కాదు. ఆ స్టోరేజీ అకౌంటు పాస్‌వర్డు హోస్టింగ్ పాస్‌వర్డు కాకూడదు, ఆ మెయిల్ అడ్రసు కూడా వేరేది. పాత కాపీలు కనీసం నెలవి ఉంచండి. సైట్‌లో వైరస్ దూరితే అది బయటపడేసరికి వారాలు పడుతుంది. నిన్నటి కాపీ ఒక్కటే ఉంటే అందులోనూ వైరస్సే ఉంటుంది.

అయితే సైట్‌కి ఆ స్టోరేజీలో రాసే హక్కు ఉంది కాబట్టి, సైట్‌ని హ్యాక్ చేసినవాడికి అక్కడి కాపీలు చెరిపే దారి కూడా ఉండొచ్చు. అందుకే దేనికీ తగిలించి ఉండని ఇంకొకటి కావాలి: ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు. వారానికోసారి కాపీ చేసి, వైరు పీకి, లోపల పెట్టెయ్యండి. ఎప్పుడూ తగిలించి ఉంచితే కంప్యూటర్‌కి పట్టిన రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళమేసి డబ్బడిగే వైరస్) దానికీ పడుతుంది.

మీ ఫోటోలకి అసలు ఇల్లు ఈ డిస్కే. సైట్‌లో ఉన్నవి కుదించినవి. వాట్సాప్‌లో మామూలుగా పంపుకున్నవి ఇంకా కుదించినవి. మావయ్యగారు లెక్కపెట్టే మెట్లు అందులో ఒకదాన్నొకటి కలిసిపోతాయి. ఫోన్లో తీసిన అసలు ఫైలే దాచాలి. చీరకో నంబరిచ్చి, ఫైలు పేరులో ఆ నంబరు పెట్టండి. డిస్కులు రెండు కొనండి. ఒకటి మీ ఇంట్లో, ఒకటి తుఫాను అందుకోని ఊళ్ళో బంధువుల ఇంట్లో. పండగకి వచ్చిపోయేవాళ్ళ చేత మార్పిడి చేయించండి.

గూగుల్ డ్రైవ్‌లో ఫోల్డరు సింక్ చేస్తున్నాం కదా అని అంటారేమో, అది సరిపోదు. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. చెత్తబుట్టలో నెల రోజులుంటుంది, అంతే.

వీపీఎస్ వద్దు. అప్‌డేట్లు, ఫైర్‌వాల్, అర్ధరాత్రి సర్వర్ పడితే లేపడం, అంతా మీ మరిది మెడకి చుట్టుకుంటుంది. విశాఖ అబ్బాయి కాంట్రాక్టులో మాత్రం ఒక మాట రాయించండి: మూడు నెలలకోసారి బ్యాకప్ నుంచి సైట్‌ని వేరే చోట లేపి మీకు చూపించాలి. ఒప్పుకుంటే డబ్బివ్వండి. "బ్యాకప్ తీస్తాను" అని మాత్రమే అంటే ప్లగిన్ ఆ పని ఊరికే చేస్తుంది.

ఇది ఎందుకు పట్టుబడుతున్నానంటే గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కథ ఉంది. 2017 జనవరి 31 రాత్రి వాళ్ళ ఇంజనీరొకరు అలసటలో తప్పు సర్వర్ మీద డేటాబేసు ఫోల్డరు చెరిపేశారు. బ్యాకప్‌కి ఐదు రకాల ఏర్పాట్లున్నాయి. వెళ్ళి చూస్తే ఒక్కటీ సరిగ్గా పనిచెయ్యడం లేదు. రోజువారీ డంపు (డేటాబేసు కాపీ) సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల ఫెయిలవుతోంది, ఫెయిలైందని చెప్పే మెయిళ్ళనేమో మెయిల్ సర్వర్ తిరగ్గొడుతోంది. కాబట్టి అంతా బాగుందనే అనుకున్నారు. అంతకు ఆరు గంటల ముందు ఆ ఇంజనీరే వేరే పని కోసం తీసిన కాపీ ఉండబట్టి బయటపడ్డారు. అంచేత మెయిల్ రాలేదు గనుక బాగుందనుకోవద్దు. వారానికోసారి స్టోరేజీ తెరిచి, చివరి ఫైలు తేదీ, సైజు చూడండి. మొన్నటిదాకా ఎంబీల్లో ఉన్న ఫైలు ఇవాళ కేబీల్లో ఉందంటే లోపల ఏమీ లేనట్టే.

పర్లాకిమిడి_వైర్లు (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

మాస్టారు సైట్ పోయే సంగతి చెప్పారు. తుఫానుకి పోయేది సైట్ కాదక్కా, మనం. సర్వర్ ఎక్కడో ముంబైలో హాయిగా నడుస్తుంటుంది, ఆర్డర్లు తీసుకుంటూనే ఉంటుంది. ఇక్కడ కరెంటుండదు, సిగ్నలుండదు, కొరియర్ బండి రాదు. తిత్లీకి మా జిల్లాలో రోజుల తరబడి అంతే. కొన్నవాళ్ళకి ఇవేవీ తెలీవు. పండగ దాటాక చీర వస్తే స్టార్ ఒకటి.

రూటర్‌కీ, ఫైబర్ డబ్బాకీ కరెంటు పెద్దగా అక్కర్లేదు. చాలావాటికి 12 వోల్టులు చాలు. రూటర్ కోసమే అమ్మే చిన్న యూపీఎస్ పెడితే కొన్ని గంటలు లాగుతుంది. రెండో సిమ్ వేరే కంపెనీది ఉంచుకోండి. కానీ టవర్ డీజిల్ అయిపోయాక రెండు సిమ్‌లూ ఒకటే. దాని మీద మరీ ఆశ పెట్టుకోకండి.

అసలు చిక్కు ఓటీపీ. హోస్టింగ్, గేట్‌వే, కొరియర్ పోర్టల్, దేంట్లోకి లాగిన్ అవ్వాలన్నా ఓటీపీ మీ బరంపురం ఫోన్‌కే వస్తుంది. ఆ ఫోన్‌కి సిగ్నల్ లేకపోతే హైదరాబాద్‌లో ఉన్న మీవాళ్ళు పాస్‌వర్డు తెలిసినా ఏం చేస్తారు? అందుకని ఎండ కాసే రోజుల్లోనే ఒక పని చెయ్యండి. దూరపు ఊళ్ళో నమ్మకమైన మనిషికి సైట్‌లో విడిగా ఒక లాగిన్ ఇవ్వండి. షాప్ మేనేజర్ హక్కులు చాలు. ఓటీపీ బదులు అథెంటికేటర్ యాప్ (సిగ్నల్ లేకపోయినా ఫోన్లోనే కోడ్ చూపించేది) ఒప్పుకునేచోట అది పెట్టి, వాళ్ళ ఫోన్లో కూడా ఎక్కించండి. బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి ఇవ్వండి. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే "పార్సిళ్ళు ఆలస్యమవుతాయి" అని సైట్ పైన పట్టీ పెట్టడం, క్యాష్ ఆన్ డెలివరీ ఆపడం, అప్పడాల ఆర్డర్లు మూసెయ్యడం, ఈ మూడూ వాళ్ళు చెయ్యగలిగితే మీరు ఇంట్లో కిటికీలు చూసుకోవచ్చు.

డొమైన్ (సైట్ పేరు) ఎవరి పేరు మీద ఉందో కూడా ఈరోజే చూడండి. చాలా ఊళ్ళలో సైట్ చేసిచ్చినవాడి మెయిల్ మీదే ఉంటుంది. రెన్యువల్ మెయిల్ వాడికి వెళ్తుంది, వాడు ఉద్యోగం మారుంటాడు. గడువు దాటి రిడెంప్షన్‌లో (పోయిన పేరుని విడిపించుకునే దశలో) పడితే విడిపించడానికి మామూలు ఫీజుకి ఎన్నో రెట్లు అడుగుతారు.

బరంపురం_కోడలు

బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే మెయిల్‌లో వెతికాను. దాదాపు అన్నీ ఉన్నాయి! కొన్ని స్పామ్‌లో, ఇంకొన్ని మరిది పెట్టిన ఏదో ఫిల్టర్ వల్ల వేరే ఫోల్డరులో. గేట్‌వే జాబితాతో సరిచూస్తే మెయిల్ లేని పేమెంట్లు కొద్దిగా తేలాయి, ఫోన్లు చేశాం. ఒకావిడ "మీరు చేస్తారని చూస్తున్నానమ్మా" అంది, తిడుతోందో మెచ్చుకుంటోందో తెలీలేదు.

స్టాకు సంగతి మీరు అనుమానించినట్టే అయింది. ఎరుపు అంచు తెల్ల జోడు (పంచె, కండువా) ఒకటి ఇద్దరికి అమ్ముడైపోయి ఉంది. ముందు కట్టినవాళ్ళకి అది పంపాం. రెండో ఆయన పెళ్ళికి తీసుకున్నారట, ముహూర్తానికి ఇంకా టైముంది, మావయ్యగారు మగ్గం ఎక్కించారు.

డొమైన్ సంగతి కూడా నిజం. విశాఖ అబ్బాయి మెయిల్ మీదే ఉంది. అడిగితే వెంటనే మార్చేస్తానన్నాడు, పాపం మంచివాడే. రీస్టోర్ చేసి చూపించమంటే మాత్రం "ఎందుకండీ, బ్యాకప్ గ్రీన్ టిక్ చూపిస్తోంది కదా" అంటున్నాడు. చేయించే తీరతాను. హైదరాబాద్‌లో మా ఆడపడుచుకి లాగిన్ ఇచ్చాను, కోడ్‌ల కాగితం కూడా తనకే పంపుతున్నాను.

రెండు అనుమానాలు. టెస్టు కోసం సైట్‌ని వేరే చోట లేపితే కస్టమర్లకి ఏమైనా తెలుస్తుందా? పాత ఆర్డర్లు ఎన్నేళ్ళవి ఉంచాలి? ఐదేళ్ళ కిందటివి తీసేస్తే సైట్ తేలికవుతుందని మరిది అంటున్నాడు.

రాయగడ_సిస్టమ్స్

మంచి ప్రశ్న వేశారు, తెలుస్తుంది. కాపీ సైట్ లేవగానే తనే అసలు షాపుననుకుంటుంది. పెండింగు మెయిళ్ళు పంపేస్తుంది, అసలు షాపు గేట్‌వే కీలతో నిజం పేమెంట్లు కూడా తీసుకుంటుంది. ఎవరికో "మీ ఆర్డర్ క్యాన్సిల్ అయింది" అని వెళ్ళిందంటే మళ్ళీ ఫోన్లు. అందుకని సొంత కంప్యూటర్ మీదే లేపమనండి, నెట్‌లో పెట్టక్కర్లేదు. లేపేముందే మెయిళ్ళు ఆపే ప్లగిన్ వేసి, గేట్‌వేని టెస్టు మోడ్‌కి మార్చాలి. లేచాక ముందు పేజీ చూసి సరే అనకండి. మీకు బాగా గుర్తున్న ఆర్డర్ ఒకటి తెరిచి, అడ్రసు, చీర ఫోటో, మొత్తం, మూడూ ఉన్నాయో లేదో మీరే చూడండి. ఒడియాలో, తెలుగులో రాసిన పేర్లు ప్రశ్నార్థకాలుగా మారాయేమో కూడా. డంపు తీసేటప్పుడు క్యారెక్టర్ సెట్ (అక్షరాలు దాచే పద్ధతి) తేడా వస్తే అంతే అవుతుంది, ఇంగ్లీషు పేర్లు చూసేవాళ్ళకి అది కనపడదు.

పాతవి తీసెయ్యకండి. జీఎస్టీ కింద ఖాతాలు, బిల్లులు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. అంటే ఐదేళ్ళ కిందటివి ఇంకా ఉండాల్సినవే. సైట్‌లో బరువనుకుంటే బిల్లులన్నీ పీడీఎఫ్‌గా దింపి ఆ రెండు డిస్కుల్లో పెట్టండి, మీ ఆడిటర్‌కి ఒక కాపీ ఇవ్వండి. ఆ తర్వాత సైట్‌లోంచి తీస్తారో ఉంచుతారో ఆయన్ని అడిగి చెయ్యండి.